పన్నెండో ముద్ర, చిరుతచొక్కాల ముఠా

"భయపడకు ఒసాకా, నేను వచ్చేశాను!"

రైలు దిగి ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే మా ఆయన చేసిన ప్రకటన ఇది. ఒక చెయ్యి నడుం మీద, గడ్డం ఆకాశంలో, చూపు ఎక్కడో దూరంగా. ఒసాకా ఏమీ భయపడలేదు. వెనక దిగుతున్నవాళ్ళు మాత్రం "కాస్త పక్కకి జరుగుతారా" అన్నారు. అన్నట్టు, ఆయన చొక్కా తిరగేసి తొడుక్కుని ఉన్నారు. ఊళ్ళోవాళ్ళ చొక్కాలన్నీ ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చే మనిషి ఆయన.

మా ఆయన పేరు ఇసోబె టొకుజో. కురయోషిలో మాకు లాండ్రీ ఉంది. నేను ఫుసాయెని, ఆయన భార్యని, ఆ లాండ్రీలో నిజంగా పని చేసేదాన్ని. ఆయన విజిటింగ్ కార్డు మీద మాత్రం పెద్ద అక్షరాలతో "నేర పరిశోధకుడు" అనీ, దాని కింద చీమ తలకాయంత అక్షరాలతో "బట్టలు కూడా ఉతకబడును" అనీ ఉంటుంది.

బట్టల మీద మరక చూసి మనిషి చరిత్ర చెప్పేస్తానంటారు. ఒకసారి పోస్టుమాస్టరు గారి చొక్కా జేబు దగ్గర ఎర్రటి మరక చూసి, "రక్తం! ఈయన చేతులు మామూలు చేతులు కావు!" అని గావుకేక పెట్టారు. వీధి వీధంతా పోగైంది. తీరా చూస్తే అది ఊరవేసిన ఎర్రల్లం మరక. ఆ రోజు నుంచి పోస్టుమాస్టరు గారు బట్టలు పక్క ఊళ్ళో ఉతికించుకుంటున్నారు, మా ఉత్తరాలు కూడా రెండు రోజులు ఆలస్యంగా వస్తున్నాయి.

ఇదంతా ఎప్పుడు మొదలైందో నాకు రోజుతో సహా గుర్తుంది. మా పెళ్ళైన మర్నాడు. హనీమూన్‌కి ఒసాకా వెళదామని టిక్కెట్లు కొనుక్కుని, పెట్టెలు పట్టుకుని స్టేషన్లో నిలబడి ఉన్నాం. అంతలో ఎవరో పరుగెత్తుకొచ్చి, నూడుల్స్ కొట్టు యజమానురాలి పట్టు కిమోనో లాండ్రీలో కనబడటం లేదన్నారు. మా ఆయన కళ్ళు చింతనిప్పులయ్యాయి. "ఫుసాయే, ఒక స్త్రీ కిమోనో మాయమైంది. ఇలాంటప్పుడు నేను విహారానికి పోవడమా? వచ్చే వారం వెళదాం" అన్నారు. మూడు రోజులు ఊరంతా గాలించాక ఆ కిమోనో మా కొట్టులోనే, మా ఆయన స్వహస్తాలతో కట్టిన తప్పుచీటీతో, పైకొక్కేనికి వేలాడుతూ దొరికింది. "కేసు ఛేదించాను!" అని ఎగిరి గంతేశారు. ఆ వచ్చే వారం మాత్రం రావడానికి ఇరవై ఆరేళ్ళు పట్టింది.

ఈ వేసవిలో నేనే పట్టుపట్టాను. ఒసాకాలో నదీ విహారాల సంఘం ఒకటి, భార్యాభర్తల కోసం ముద్రల యాత్ర పెట్టింది. ఒక అట్ట ఇస్తారు, దాని మీద పన్నెండు గళ్ళుంటాయి. నగరంలో పన్నెండు చోట్ల బల్ల మీద రబ్బరు ముద్ర, సిరాదిండు పెట్టి ఉంచుతారు. ఇద్దరూ కలిసి వెళ్ళి గడి గడికీ ముద్ర కొట్టుకోవాలి. పన్నెండోది తెన్మా వంతెన దగ్గర పడవల రేవులో ఉంటుంది. ఆఖరి రోజు సాయంత్రం ఐదు లోపల గళ్ళన్నీ నిండితే, ఆ పూటే ఆ జంటకి నదిలో పడవ షికారు. ఆ పడవ నాకు కావాలి. యాభై ఏళ్ళు దాటాక ఇదేం కోరికని ఎవరన్నా అనుకున్నా సరే, సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ పడవలో ఆయన పక్కన కూర్చోవాలని నాకు బలంగా ఉంది.

"మూడు రోజులు. ఏ కేసూ పట్టకూడదు" అన్నాను బయల్దేరేముందు.

"పట్టను."

"ప్రమాణం చెయ్యండి."

ఇంట్లో పోయిన పెద్దల పూజాపీఠం ముందు కూర్చుని గంట కొట్టి మరీ ప్రమాణం చేశారు. మొదటి రెండు రోజులూ మాట మీద నిలబడ్డారు కూడా. సుమియోషిలో గుండ్రటి వంతెన ఎక్కి దిగాం. ఇంకో గుడిలో నాచు పట్టిన స్వామి విగ్రహం మీద దోసిళ్ళతో నీళ్ళు పోశాం. వేడివేడి ఆక్టోపస్ ఉండలు నోట్లో వేసుకుని ఇద్దరం నాలుకలు కాల్చుకున్నాం. రెండో రోజు సాయంత్రానికి పదకొండు ముద్రలు పడ్డాయి. మూడో రోజు మేం చెయ్యాల్సింది ఒక్కటే, ఏడు గంటల్లో ఇరవై నిమిషాల దూరం వెళ్ళడం. మా ఆయన పక్కన ఉంటే దానికి ఏడు గంటలు చాలవని నేను ఊహించలేదు.

మర్నాడు పొద్దున్న పదింటికి నగరం చుట్టూ తిరిగే రింగు రైలెక్కాం. బయట ఎండ పెటపెటలాడుతోంది, కీచురాళ్ళు చెవులు తూట్లు పొడుస్తున్నాయి. నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. డెబ్బై దాటి ఉంటాయి. జుట్టుకి ఊదారంగు వేసుకుంది. చొక్కా నిండా చిరుతపులి. చారలూ మచ్చలూ కాదు, ఏకంగా పులి తలకాయే గుండెల మీద ఉంది, కళ్ళకి చెమ్కీలు కుట్టి ఉన్నాయి.

"ఎక్కణ్ణుంచమ్మాయ్?" అందావిడ.

"కురయోషి నుంచండీ" అని, గర్వంగా సంచీలోంచి అట్ట తీసి చూపించాను.

"అమ్మో, పదకొండు కొట్టేశారే! ఇంకొక్కటేనా! మా ఆయన ఉన్న రోజుల్లో పక్కవీధికి కలిసి రమ్మంటేనే తల ప్రాణం తోకకొచ్చేది. ఇదిగో, నోరు తీపి చేసుకో" అంటూ సంచీలోంచి ఒక నిమ్మకాయ మిఠాయి తీసి నా చేతిలో పెట్టింది.

"ముట్టకు!"

మా ఆయన చెయ్యి గద్దలా వచ్చి ఆ మిఠాయిని తన్నుకుపోయింది. జేబురుమాలులో చుట్టి జేబులో వేసుకుని, నా చెవిలో గుసగుసగా, అంటే ఆ పెట్టెలో ఉన్నవాళ్ళందరికీ వినబడేట్టుగా, "అపరిచితురాలు. ఊరికే మిఠాయి ఇస్తోంది. ఎందుకు?" అన్నారు.

"ఈ ఊళ్ళో పెద్దాడవాళ్ళందరూ ఇస్తారండీ. మిఠాయి లేకుండా గడపే దాటరు."

"అందరూ ఇస్తున్నారంటే ముఠా చాలా పెద్దదన్నమాట."

"ఏమండీ, ప్రమాణం."

"ప్రమాణం చేసింది కురయోషిలో. ఇది ఒసాకా. దిగు!"

రైలు ఏదో స్టేషన్లో ఆగి ఉంది. తలుపులు మూసుకోబోతుండగా నన్ను రెక్క పట్టుకుని బయటికి లాగేశారు. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ లేచి నిలబడి అద్దం మీద దబదబా బాదుతోంది. నోరు తెరిచి ఏదో అరుస్తోంది, చేతిలో ఏదో ఊపుతోంది. రైలు కదిలిపోయింది.

"చూశావా ఆ బాదుడు! వేట చేజారితే ఇలాగే ఉంటుంది" అన్నారు మా ఆయన తృప్తిగా.

రెండు నిమిషాల తర్వాత రుమాలు కోసం సంచీలో చెయ్యి పెట్టాను. రుమాలుంది, విసనకర్ర ఉంది, బార్లీ టీ సీసా ఉంది. అట్ట లేదు. సంచీ మొత్తం బెంచీ మీద బోర్లించాను. లేదు.

"అట్ట పోయిందండీ."

మా ఆయన మొహం ఒక్క క్షణం తెల్లబోయింది. ఆ తర్వాత వెయ్యి దీపాలు పెట్టినట్టు వెలిగింది. పెళ్ళాం వస్తువు పోతే అంత వెలిగిపోయే మొగుణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

"పోలేదు ఫుసాయే. అపహరించబడింది!"

"నేనే సీటు మీద పెట్టేసి ఉంటాను. మీరు లాగారుగా! పదండి, పోలీసు గదికి వెళదాం. ఎవరికి దొరికినా అక్కడే ఇస్తారు."

ఈ మాట పసిపిల్లలకి కూడా తెలుసు. మా దేశంలో పారేసుకున్న గొడుగు నీకంటే ముందు పోలీసు గదికి చేరుతుంది. ప్రతి వీధి మూలనా అలాంటి గది ఒకటి ఉంటుంది. వెళ్ళడం, అడగడం, తెచ్చుకోవడం, అంతే పని. కానీ మా ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

"వద్దు! పోలీసులొద్దు! ఇసోబె టొకుజో పోలీసుల గుమ్మం ముందు చెయ్యి చాచడమా? పైగా వాళ్ళు దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తారు."

"చూస్తే ఏం? ముద్రలేగా ఉన్నది."

ఆయన ఎండు దగ్గు దగ్గారు. "ఆ పదకొండు చోట్లనీ గీతలతో కలిపితే ఏమొస్తుందో తెలుసా? గుప్తనిధి పటం!"

"గీసి చూపించండి."

చేతిలో ఉన్న రైళ్ళ పటం మీద పెన్సిలుతో గీశారు. ఇద్దరం తలలు ఆనించి చూశాం.

"ఇస్త్రీపెట్టెలా ఉంది" అన్నాను.

"అదే, మనల్ని దారి తప్పించడానికి అలా గీశారు" అన్నారు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం.

నేరస్థుడు నేరం మొదలైన చోటికి తప్పకుండా తిరిగొస్తాడట. అందుకని మొదటి ముద్ర కొట్టిన షిన్‌సెకాయ్‌కి, ఆ పేటలో ఉన్న టవరు కిందికి, లాక్కెళ్ళారు. రేవుకి వెళ్ళాల్సిన మనుషులం సరిగ్గా దానికి ఎదురుదిక్కున పోయాం. నేను గంటలు లెక్కపెట్టుకుంటూ వెనక నడిచాను. అప్పటికి పన్నెండయింది.

షిన్‌సెకాయ్‌లో అడుగు పెట్టామో లేదో, ఎదురుగా ఇంకొక చిరుతచొక్కా కనబడింది. ఈవిడ లావుపాటావిడ, చేతిలో ఫోను పట్టుకుని అటూ ఇటూ వెతుకుతోంది. మలుపు తిరిగితే ఇంకొకావిడ, సన్నగా కర్రలా ఉంది. ఆవిడ గుండెల మీద కూడా అదే పులి, అవే చెమ్కీ కళ్ళు.

మా ఆయన నన్ను ఒక స్తంభం వెనక్కి నెట్టారు. "ఒక చిరుత ఉంటే అది అడవి. రెండుంటే జంతుప్రదర్శనశాల. మూడు చిరుతలు ఒకే ఊళ్ళో రోడ్డు మీద తిరుగుతున్నాయంటే అది ముఠా! చిరుతచొక్కాల ముఠా!"

"ఏమండీ, ఆకలేస్తోంది."

ఆకలి ఆయనకీ వేసింది. పుల్లలకి గుచ్చి వేయించిన మాంసం, కూరగాయలు అమ్మే ఒక పాత కొట్టులోకి దూరాం. బల్ల మీద అందరికీ కలిపి ఒకటే పులుసు గిన్నె. గోడ మీద మనిషంత అక్షరాలతో "పుల్ల ఒక్కసారే ముంచవలెను" అని రాసి ఉంది. ఒకసారి కొరికిన పుల్లని మళ్ళీ ఆ గిన్నెలో ముంచడం ఒసాకాలో ఘోరమైన అపరాధం. దొంగతనానికైనా సర్దిచెప్పుకోవచ్చు గానీ దానికి చెప్పుకోలేం.

మా ఆయన చూపంతా కిటికీ మీదే ఉంది. తామరదుంప పుల్ల ముంచారు, కొరికారు. కిటికీ బయట చిరుతచొక్కా మెరిసింది. కళ్ళు దానికేసి, చెయ్యి గిన్నెకేసి వెళ్ళాయి.

"అయ్యయ్యో, ఏమండీ..." అన్నాను. అప్పటికే మునిగిపోయింది.

బీరు గ్లాసులు గాల్లో ఆగిపోయాయి. వంటాయన గరిటె కింద పెట్టి, తలగుడ్డ సర్దుకుని, మెల్లిగా మా దగ్గరికొచ్చాడు.

"ఏ ఊరయ్యా మీది?"

"కురయోషి" అన్నారు మా ఆయన.

"అక్కడ గోడల మీద రాసింది చదవరా?"

"నేను ఒక భయంకరమైన ముఠాని గమనిస్తూ..."

"ముఠా సంగతి తర్వాత. మా తాతల నాటి పులుసయ్యా ఇది!" అంటూ ఆయన గిన్నె మొత్తం ఎత్తి తూములో పారబోశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరో పోయినట్టు తలలు వంచుకున్నారు. నేను లేచి నడుం వంగినంత మేరా వంగి క్షమాపణలు చెబుతుండగా తలుపు తెరుచుకుంది. లావుపాటి చిరుతచొక్కావిడ లోపలికి తొంగి చూసి, "ఇదిగో, మీరిద్దరేనా..." అంది.

ఆవిడ మాట పూర్తయ్యేలోగా నేను వంటింట్లోంచి, అంట్లగిన్నెల మధ్యలోంచి, వెనకసందులోకి లాగబడుతున్నాను.

ఆ తర్వాత మూడు గంటలు మేం ఒసాకా నగరం చూశాం. మామూలుగా ఎవరూ చూడని ఒసాకా అది. చేపల కొట్ల వెనక మంచుపెట్టెలు చూశాం, పచారీ కొట్ల గోదాములు చూశాం, ఒక సినిమాహాలు మరుగుదొడ్డి కిటికీ చూశాం. ఎక్కడికెళ్ళినా ఏదో ఒక మూల చిరుత. "అమ్మాయ్! ఆగండి!" అని అరుపు. మా ఆయన పరుగు, ఆయన వెనక నేను. ఒక చోట శివాలెత్తి నిలబడిపోయాను. గంట మూడున్నర దాటింది.

"ఇంక నావల్ల కాదు. వాళ్ళు పిలుస్తున్నారు కదా, ఏమిటో వినొచ్చుగా!"

"వింటే వశీకరణం చేస్తారు."

"మీ మొహం! ఐదింటికి రేవు మూసేస్తారు. నాకా పడవ కావాలండీ. నాకు మీ గుప్తనిధీ వద్దు, మీ ముఠా వద్దు. ఇరవై ఆరేళ్ళుగా నేనడిగింది ఇదొక్కటే కదా!" రోడ్డు మీద ఏడవకూడదని పెదవి కొరుక్కున్నాను.

మా ఆయన తల వంచుకున్నారు. తర్వాత, "పావుగంట ఇవ్వు ఫుసాయే. ఆ అట్ట తెచ్చి నీ చేతిలో పెడతాను. నా పరువు మీద ఒట్టు" అన్నారు. ఆ పరువు మీద ఒట్టేస్తే నాకేం భరోసా? అయినా ఆ గొంతులో ఏదో ఉంది. సరేనన్నాను.

ఆయన పథకం ఏమిటంటే, ఇంతసేపూ చిరుతలు మన వెంటపడ్డాయి, ఇప్పుడు మనం చిరుతల వెంట పడాలి. దానికి మారువేషం కావాలి. మొహానికి తువ్వాలు చుట్టి, పైన ముక్కుగుడ్డ కట్టి, నల్లకళ్ళద్దాలు పెట్టి, దాని మీద నా పూలటోపీ పెట్టుకున్నారు. ముప్ఫై ఆరు డిగ్రీల ఎండలో ఆ అవతారం ఎత్తి, సన్నపాటి చిరుతచొక్కావిడ వెనకాల ఒక కూల్‌డ్రింకుల మిషను చాటు నుంచి ఇంకో మిషను చాటుకి పిల్లిలా గెంతుతూ వెళ్ళారు. ఆవిడ తిరిగి చూసినప్పుడల్లా గోడకేసి తిరిగి గోడతో మాట్లాడేవారు. ఎదురొచ్చేవాళ్ళు రోడ్డు దాటి అవతలి వైపుకి పోతున్నారు.

నాలుగో మిషను వెనక ఆయన భుజం మీద ఎవరో చెయ్యి వేశారు.

"క్షమించండి. చిరుతచొక్కా ఆడవాళ్ళ వెంట ఒక ముసుగుమనిషి పడుతున్నాడని ఆరు ఫిర్యాదులొచ్చాయి" అన్నాడు సైకిలు పట్టుకుని నిలబడ్డ కానిస్టేబులు. మొహం లేతగా, మాట మాత్రం మహా మర్యాదగా ఉంది. ఛాతీ మీద నిషివాకి అని పేరుంది.

మా ఆయన హుందాగా విజిటింగ్ కార్డు తీసి రెండు చేతులతో అందించారు. నిషివాకి దాన్ని రెండు చేతులతో అందుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"బట్టలు... కూడా... ఉతకబడును. సరే, ఓసారి గదిదాకా దయచెయ్యండి."

అలా మా ఆయన పరువు పోలీసు గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది. వెనకాలే నేనూ వెళ్ళాను. లోపల ఫ్యాను కింద ఊదారంగు జుట్టావిడ కూర్చుని బార్లీ టీ తాగుతూ మోకాళ్ళు రాసుకుంటోంది. బల్ల మీద, ఆవిడ ముందు, నా అట్ట!

"పట్టుకోండి ఆవిణ్ణి!" అరిచారు మా ఆయన.

"ముందు వీణ్ణి పట్టుకోండి!" ఆవిడ అంతకంటే గట్టిగా అరిచింది. "పొద్దున్నుంచి నా మోకాళ్ళు అరగదీశాడు! సీటు మీద అట్ట వదిలేశారని అరుస్తుంటే వినడే! తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కొచ్చా. నావల్ల కాక మా వ్యాయామం జట్టు వాళ్ళందరికీ ఫోన్లు చేశా. తొమ్మిది మందిని ఊరంతా తిప్పాడు! ఆఖరికి రేవుకి రాక తప్పదని ఇప్పుడందరూ అక్కడికే పోతున్నారు! ఏవయ్యా, ఆడవాళ్ళు పిలుస్తుంటే ఆ పరుగేవిటి? మాకేమన్నా అప్పున్నావా?"

"మరి... ఆ చొక్కాలు?" మా ఆయన గొంతు సన్నగిల్లింది.

"మా వీధి కొట్లో తగ్గింపు పెట్టారు. అందరం కొనుక్కున్నాం. నీకూ కావాలా?"

ఆవిడ పేరు త్సురుయో. నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. గోడ గడియారం నాలుగూ ఇరవై ఎనిమిది చూపిస్తోంది. రేవు అక్కడికి పావుగంట నడక. చాలు, దేవుడున్నాడు అనుకుని అట్ట మీద చెయ్యి వెయ్యబోయాను. నిషివాకి దాన్ని మెల్లిగా తన వైపు జరుపుకున్నాడు.

"ఒక్క నిమిషం. పత్రం నింపాలి."

ఒక్క నిమిషం! వస్తువు పేరు, పొడవు, వెడల్పు. స్కేలు పెట్టి కొలిచాడు. రంగు? లేతనీలమా, ఆకాశనీలమా అని ఆలోచించాడు. త్సురుయోగారు వస్తువు మీద తనకి ఏ హక్కూ వద్దని సంతకం పెట్టాలి. ఆవిడ ఒక చోట పెట్టబోయి ఇంకో చోట పెట్టింది. మళ్ళీ కొత్త పత్రం తీశాడు. గంట నాలుగూ ముప్ఫై తొమ్మిది.

"ఇప్పుడు, ఇది మీదేనని రుజువు కావాలి. పేరు రాసిన చోట చెమటకి తడిసి సిరా అలుక్కుపోయింది."

నేను పదకొండు ముద్రలూ వరసగా, ఏది ఏ రంగో గడగడా చెప్పాను.

"అన్ని అట్టల మీదా ఇవే ముద్రలుంటాయమ్మా. వెనక వైపు మాత్రం ఏదో రాసి ఉంది. ఏం రాసి ఉందో చెప్పండి, ఇచ్చేస్తాను."

"వెనకా? వెనక ఏమీ లేదండీ. ఖాళీ."

"అయితే ఇది మీది కాదేమో." అతను బాధగానే అన్నాడు. బాధగానే సొరుగు కూడా తెరిచాడు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు నా పక్కనుంచి, ఎప్పుడూ లేనంత చిన్న గొంతు వినబడింది.

"నాకు తెలుసు."

అందరం తిరిగి చూశాం. మా ఆయన నా పూలటోపీ తీసి చేతుల్లో తిప్పుతున్నారు. "అది నేనే రాశాను. నిన్న. తను స్నానానికి వెళ్ళినప్పుడు."

"చెప్పండి మరి" అన్నాడు నిషివాకి, పెన్సిలు పట్టుకుని.

"తను బయటికి వెళితే చెబుతాను."

"ఎక్కడికీ వెళ్ళదు! అమ్మాయ్, కూర్చో!" త్సురుయోగారు నన్ను కుర్చీలోకి నొక్కేసింది. "చెప్పవయ్యా! గడియారం చూడు!"

ఆయన చూశారు. నాలుగూ నలభై నాలుగు. నల్లకళ్ళద్దాలు తీశారు, తువ్వాలు విప్పారు. చెమటలో తడిసి ముద్దయిన మొహంతో, చేతులు ప్యాంటు కుట్లకి ఆనించి, బడిలో పద్యం అప్పజెప్పేవాడిలా నిలబడ్డారు.

"కేసు నంబరు ఒకటి. పోయిన వస్తువు, ఒక ఆడమనిషి హనీమూన్. పోయిన చోటు, కురయోషి రైల్వేస్టేషన్. దొంగ, ఆమె భర్త. ఇరవై ఆరేళ్ళుగా ఆమె పక్కనే తిరుగుతున్నాడు. ఎవరూ అనుమానించలేదు. ఆమెకి మాత్రం మొదటి రోజు నుంచీ తెలుసు. అయినా ఫిర్యాదు ఇవ్వలేదు. సొత్తు తెన్మా రేవులో తిరిగి అప్పగించబడును. ఆలస్యానికి క్షమాపణ."

నిషివాకి పెన్సిలు ఒక్కో మాట కిందా జరుపుతూ చూసి, "'ఆలస్యానికి' కాదు, 'ఆలస్యమైనందుకు' అని ఉంది. అయినా ఒప్పుకుంటాను" అన్నాడు. అని ముక్కు గట్టిగా చీదాడు.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఇన్నేళ్ళూ ఆయన మర్చిపోయారనుకున్నాను. ఆ కోపాన్ని ఎన్ని వేల చొక్కాల మీద ఇస్త్రీపెట్టెతో రుద్దానో నాకే తెలుసు. మర్చిపోలేదట, సిగ్గుపడుతున్నారట.

"చూశావా అమ్మాయ్, అది చదివాక ఊరుకోగలనా?" అంది త్సురుయోగారు కళ్ళు తుడుచుకుంటూ. "మా ఆయన నలభై ఏళ్ళ కాపురంలో నాకు రాసింది ఒకే ఒక్క చీటీ. 'పాలు అయిపోయాయి' అని."

"యజమాని ఎవరో రుజువైంది. ఇక్కడ మీ ముద్ర వెయ్యండి" అన్నాడు నిషివాకి.

సంతకానికి బదులు వేసే, మా ఆయన పేరు చెక్కిన ముద్ర సత్రంలో ఉండిపోయింది. వేలిముద్ర చాలన్నాడు. ఊళ్ళోవాళ్ళందరి వేలిముద్రల కోసం భూతద్దం పట్టుకు తిరిగిన మనిషి, పోలీసు గదిలో బొటనవేలు సిరాదిండు మీద నొక్కి తనదే ఇచ్చుకున్నారు. పరిశోధనకి పోయినవాడు సాక్ష్యమై తిరిగొచ్చాడు. గంట నాలుగూ యాభై.

పావుగంట దూరానికి పది నిమిషాలే ఉంది. త్సురుయోగారు అప్పటికే ఫోనులో కేకలేస్తోంది. "అమ్మాయిలూ! రేవులోనే ఉన్నారా? ముద్రల బల్ల దగ్గర వరస కట్టండి! తలో అట్ట తీసుకోండి! ఒక్కొక్కరూ తీరిగ్గా కొట్టాలి, తెలిసిందా!"

పరుగెత్తాం. నేను చెప్పులు చేత్తో పట్టుకున్నాను. మా ఆయన నా సంచీ, ఆవిడ సంచీ, చివరికి ఆవిడ చెయ్యి కూడా పట్టుకుని లాక్కొచ్చారు. తెన్మా వంతెన దిగేసరికి ఐదు దాటి ఆరు నిమిషాలైంది. నేను ఆశ వదిలేసుకున్నాను.

రేవులో ముద్రల బల్ల ముందు తొమ్మిది చిరుతలు వరసగా నిలబడి ఉన్నాయి. ఐదింటికి ముందు వరసలో నిలబడ్డవాళ్ళందరి పనీ పూర్తి చేసిగానీ బల్ల మూయకూడదని నియమం. బల్ల వెనక కూర్చున్న ముసలాయన చేతిగడియారం చూసుకుంటూ నిట్టూరుస్తున్నాడు. లావుపాటావిడ ముద్రని సిరాలో అద్ది, ఎత్తి, ఊది, "బాబూ, ఇది తలకిందులుగా లేదు కదా?" అని అడుగుతోంది. ఆవిడ వెనకావిడ కళ్ళజోడు వెతుక్కుంటోంది. ఆ వెనకావిడ చెప్పుపట్టీ బిగించుకుంటోంది.

మమ్మల్ని చూడగానే వరస చివరావిడ పక్కకి జరిగి, "వీళ్ళు మా వెనకే ఉన్నారండీ. మంచినీళ్ళకి వెళ్ళొచ్చారు" అంది ముసలాయనతో.

ఆయన మా ఆయన్ని పైనుంచి కింది దాకా చూశాడు. నోటి చుట్టూ పులుసు, బొటనవేలికి సిరా, మెడలో తువ్వాలు, చేతిలో పూలటోపీ. తర్వాత నన్ను చూశాడు. "వరసలోనే ఉన్నారంటే సరే" అన్నాడు.

మా ఆయన ఆ తొమ్మిది మందికీ, పదో ఆవిడకీ, ఒక్కొక్కరి ముందూ నిలబడి, నడుం సగానికి విరిచి దణ్ణం పెట్టారు. తన జన్మలో మొదటిసారి ఏ వివరణా ఇవ్వలేదు. వాళ్ళు ఆయన జేబుల నిండా మిఠాయిలు కుక్కారు. పన్నెండో ముద్ర ఇద్దరం చేతులు కలిపి కొట్టాం. కొంచెం వంకరగా పడింది. నాకు అలాగే నచ్చింది.

పడవ కదిలింది. నీళ్ళ మీద ఎండ వాలుతోంది, గాలి చల్లబడింది. వంతెన మీద చిరుతచొక్కాలు చేతులూపుతున్నాయి. మా ఆయన కొంచెం కొంచెంగా పాత మనిషయ్యారు.

"అసలు సంగతి నీకు చెప్పాలి ఫుసాయే. నేను కావాలనే అరెస్టయ్యాను. మొత్తం నా పథకమే."

"అవునండీ."

"మిషను వెనక దాక్కోవడంలోనే ఉంది కిటుకు."

"అవునండీ. ఇప్పుడు కాసేపు నోరు మూసుకుని నా చెయ్యి పట్టుకోండి."

పట్టుకున్నారు. సిరా అంతా నా చేతికి అంటుకుంది. ఆ మరక ఎలా పోతుందో నాకు తెలుసు గానీ తుడవాలనిపించలేదు.

పడవాయన తెడ్డు వేస్తూ వేస్తూ మా వంక చూసి నవ్వాడు. "పెళ్ళై ఎన్నాళ్ళయిందమ్మా?"

మా ఆయన నోరు తెరిచారు గానీ, ఈసారి నేనే ముందు చెప్పాను.

"పెళ్ళై ఇరవై ఆరేళ్ళయింది బాబూ. కొత్త కాపురం మొదలై పావుగంటయింది."